ట్యాంకు అడుగున ఏముంది? జనరేటర్ల డీజిల్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి జనరేటర్ల మీద వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఇంజిన్ గురించే. సెల్ఫ్ అందుకోవడం లేదని ఒకరు, మధ్యలో ఆగిపోతోందని ఒకరు. వివరాలు చదివితే మాత్రం చాలావాటిలో ఇంజిన్ తప్పేమీ లేదు. దానికి అందుతున్న డీజిలే సరిగ్గా లేదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 62.5 కేవీఏ జనరేటర్ ఉంది. ఈమధ్య కరెంటు పెద్దగా పోవడం లేదు కాబట్టి వాచ్‌మన్ నెలకోసారి గంటసేపు ఊరికే ఆన్ చేసి ఆపేస్తాడు. పోయిన నెల వానలో కరెంటు పోయింది. లిఫ్టులు, బోరు మోటారు లోడు పడ్డాక పది నిమిషాలు నడిచి, దగ్గి దగ్గి ఆగిపోయింది. డీజిల్ చెడిపోయిందన్నాడు మెకానిక్. పాలా పెరుగా, డీజిల్ చెడటమేమిటి? మీటరు ప్రకారం సెట్టు మొత్తం నడిచింది 140 గంటలే.
- అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: మెకానిక్ చెప్పింది నమ్మదగ్గదే. ముందు చిన్న లెక్క చూడండి. ఈ సైజు సెట్టు లోడు లేకుండా గంట తిరిగితే సుమారు మూడు లీటర్లు తాగుతుంది. ట్యాంకులో 150 లీటర్లుంటే, నెలకు మూడు చొప్పున అది అయిపోవడానికి నాలుగేళ్లు దాటుతుంది. మామూలు ట్యాంకులో నిలవున్న డీజిల్‌ను ఆరు నెలల దాకా నమ్మవచ్చు. నీడన, నీరు చేరకుండా, నిండుగా ఉంచితే ఏడాది. మీ ట్యాంకు అడుగున ఉన్నది ఎప్పటిదో మీరే లెక్కేసుకోవచ్చు.

డీజిల్ చెడటానికి గాలి ఒక కారణం, నీరు అంతకన్నా పెద్ద కారణం. ట్యాంకు మూతకో పక్కనో గాలి రంధ్రం ఉంటుంది. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే బయటి తేమ గాలిని లోపలికి లాగుతుంది. ఆ తేమ ఖాళీగా ఉన్న ట్యాంకు గోడల మీద చెమ్మగా పట్టి, బొట్టు బొట్టుగా అడుక్కి దిగుతుంది. ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే అంత గాలి, అంత నీరు. కృష్ణా తీరం ఉక్కలో ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది. నీరు డీజిల్‌లో దాదాపు కరగదు, దానికన్నా బరువు కూడా. అందుకని అడుగున పొరగా నిలుస్తుంది.

ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. వాటికి ఉండటానికి నీరు కావాలి, తినడానికి డీజిల్. రెండూ దొరికేది అక్కడే. అవి పెరిగేకొద్దీ నల్లటి, గోధుమరంగు జిగురు తయారవుతుంది. వాటి నుంచి పుట్టే ఆమ్లాలు ట్యాంకు అడుగును గుంటలు గుంటలుగా తినేస్తాయి. తుప్పు, జిగురు, పాత డీజిల్ నుంచి దిగే బంక కలిస్తే అదే మడ్డి.

మరి నెలనెలా నడిచిన సెట్టు వాన రోజే ఎందుకు ఆగింది? ఊరికే తిరిగే ఇంజిన్‌కు సన్నటి ధార చాలు. సగం మూసుకుపోయిన ఫిల్టర్‌లోంచి కూడా అంత డీజిల్ వస్తుంది. లోడు పడగానే దానికి మూడు నాలుగు రెట్లు కావాలి. ఫిల్టర్ అంత వదల్లేక ఇంజిన్ ఆకలితో దగ్గింది. అంటే మీ నెలవారీ పరీక్ష ఇన్నాళ్లూ జబ్బును కప్పిపెట్టింది.

ఇప్పుడు చేయాల్సింది: సెట్టును రెండు రోజులు కదపకుండా వదిలేయండి. తర్వాత ట్యాంకు అడుగునున్న డ్రెయిన్ కాక్ తిప్పి, లీటరు పారదర్శక సీసాలోకి పట్టండి. సీసాను గంటసేపు నిలబెట్టి వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. పైనుంచి కింద దాకా తేటగా, లేత పసుపుగా ఉంటే బాగున్నట్టే. అడుగున నీరు విడిగా నిలిస్తే, తేట డీజిల్ వచ్చేదాకా వదులుతూ పోండి. మొత్తం మసగ్గా ఉంటే నీరు ఇంకా తేరుకోలేదు. నీటికీ డీజిల్‌కీ మధ్య సాలెగూడులా, మీగడలా నల్లటి పొర కనబడితే సూక్ష్మజీవులు చేరినట్టు. రంగు ముదిరి కాఫీ డికాక్షన్‌లా అయి, వార్నిష్ లాంటి ఘాటు వాసన వస్తుంటే డీజిల్ ముసలిదైపోయింది.

అడుగున నీరు నిలిచినా, మొత్తం మసగ్గా ఉన్నా నీరు వదలడం, ఫిల్టర్లు మార్చడం సరిపోతాయి. జిగురు కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేసి లోపల కడిగించాల్సిందే. పైన కొత్త డీజిల్ పోస్తే పాత బూజుకు కొత్త మేత వేసినట్టు. తీసిన మడ్డిని వీధి కాల్వలో పోయించకండి. పాడైన ఇంజిన్ ఆయిల్ తీసుకునేవారికి ఇవ్వండి.

ఇకముందు నెలకు అరగంట నడిపినా ఫర్వాలేదు, లోడు మీద నడపండి. సెట్టు సామర్థ్యంలో కనీసం 30 శాతం పడాలి. మీ 50 కిలోవాట్ల సెట్టుకు 15 కిలోవాట్లు, అంటే ఒక లిఫ్టు, బోరు, కారిడార్ లైట్లు. ఊరికే తిప్పితే సిలిండర్ సరిగా వేడెక్కదు. కాలని డీజిల్ సైలెన్సర్‌లో నల్లటి జిడ్డులా పేరుకుంటుంది. జూన్‌కు ముందే ట్యాంకు నింపించండి, పైన ఐదు శాతం మాత్రం ఖాళీ ఉంచండి. ఫిల్టర్ విషయంలో గంటల మీటరును పట్టుకుని కూర్చోవద్దు. మాన్యువల్‌లో 250 అనో 500 గంటలనో రాసి ఉంటుంది, దాని పక్కనే ‘లేదా ఏడాది, ఏది ముందైతే అది’ అని కూడా ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఎప్పుడూ ముందొచ్చేది ఏడాదే.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాం. ఏరేటర్లకు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలకు) 25 కేవీఏ సెట్టు ఉంది. గట్టు మీద రెండు డీజిల్ డ్రమ్ములు నిలబెట్టి ఉంచుతాం. వానాకాలంలో డ్రమ్ము డీజిల్ పోసినప్పుడల్లా ఇంజిన్ తన్నుతోంది. ఒకసారి రాత్రి ట్యాంకు పూర్తిగా అయిపోయి ఎయిర్ పట్టేసింది, మెకానిక్ వచ్చేసరికి తెల్లారింది. ఎయిర్ మేమే తీసుకోవడం ఎలా?
- రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తెల్లవారుజామునే చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు ఆగితే ఎంత నష్టమో మీకు మేం చెప్పక్కర్లేదు. అందుకని ఇది వివరంగానే చూద్దాం.

ముందు డ్రమ్ము. నిలబెట్టిన డ్రమ్ము మూత చుట్టూ అంచు లేచి ఉంటుంది, వాన పడితే పైన పళ్లెంలా నీళ్లు నిలుస్తాయి. బిరడా గట్టిగానే ఉందనుకుంటాం. కానీ పగటి ఎండకు లోపలి గాలి బిరడా మరల సందుల్లోంచి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి డ్రమ్ము చల్లబడగానే లోపల పీల్పు పుడుతుంది. ఆ పీల్పుకు మూత మీద నిలిచిన నీళ్లే లోపలికి పోతాయి. ఇలా కొన్ని వానలు గడిస్తే లీటర్ల కొద్దీ నీరు చేరుతుంది. కొత్త డ్రమ్ము, సీలు తియ్యని డ్రమ్ము కూడా ఇలాగే తాగుతుంది.

డ్రమ్మును పడుకోబెట్టండి. రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెల చోట అడ్డంగా రావాలి. అప్పుడు రెండూ లోపలి డీజిల్ మట్టానికి కిందే ఉంటాయి, పీల్చడానికి గాలి దొరకదు. కింద రెండు దుంగలు, పైన రేకు. పడుకోబెట్టడం కుదరకపోతే ఒక పక్క ఇటుక పెట్టి వంచండి, నీరు బిరడాలకు దూరంగా జారిపోయేట్టు చూడండి. ఉప్పునీటి గాలికి రేకు తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి ఏటా డ్రమ్ములు మార్చడం దండగ ఖర్చేమీ కాదు.

వాడబోయే డ్రమ్మును ముందురోజే నిలబెట్టి 24 గంటలు తేరనివ్వండి. తోడే పైపు చివర అడుగుకు మూడు అంగుళాలు పైన ఉండేట్టు కట్టండి. అడుగున మిగిలింది ఇంజిన్‌కు పోయొద్దు. గరాటులో సన్నటి ఇత్తడి జల్లెడ ఉన్నా అది చెత్తనే ఆపుతుంది, నీటిని కాదు. నీరుందో లేదో చూడాలంటే పెట్రోలు బంకుల్లో వాడే వాటర్ ఫైండింగ్ పేస్టు ఒక ట్యూబు కొనుక్కోండి. పొడవాటి కడ్డీ చివర రాసి అడుగు తగిలేదాకా దించి, అర నిమిషం ఆగి తీస్తే నీరున్నంత మేర రంగు మారుతుంది. ఎన్ని అంగుళాలు మారిందో కొలిస్తే ఎంత నీరుందో తెలిసిపోతుంది.

ట్యాంకు అయిపోవడం గురించి: డీజిల్ సెట్టు లీటరుకు సుమారు 3.3 యూనిట్లు ఇస్తుంది. 2 హెచ్‌పీ ఏరేటర్లు పది ఒకేసారి నడిస్తే దాదాపు 15 కిలోవాట్లు. అంటే గంటకు నాలుగున్నర లీటర్లు, పది గంటల రాత్రికి 45. ఈ అంకె సెట్టు తలుపు లోపల పెయింటుతో రాయించండి. సాయంత్రం ట్యాంకులో ఎంతుందో చూసిన కుర్రాడికి ఇక లెక్క అడగాల్సిన పని ఉండదు. ఏరేటర్లను ఒకటొకటిగా, మధ్యలో కాస్త గ్యాప్ ఇచ్చి ఆన్ చేయండి. అన్నీ ఒక్కసారి వేస్తే వచ్చే కుదుపుకు ఇంజిన్ పడిపోయినా మనం డీజిల్‌నే అనుమానిస్తాం.

ఎయిర్ తీయడం, అంటే డీజిల్ లైన్‌లో చేరిన గాలిని బయటికి పంపడం, మామూలు పంపున్న పాత తరహా ఇంజిన్‌కు ఇలా:

ట్యాంకులో కనీసం పావు వంతు డీజిల్ పోసి, లైన్ కాక్ తెరవండి. ఫిల్టర్ తల మీద చిన్న ఎయిర్ స్క్రూ ఉంటుంది. కింద గుడ్డ పెట్టి దాన్ని రెండు చుట్లు వదులు చేయండి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీది చేతి మీట కొడుతూ పోండి. మొదట ఏమీ రాదు, తర్వాత నురగ, ఆపైన బుడగలతో డీజిల్. బుడగ లేని ధార వచ్చాక కూడా మరో పది సార్లు కొట్టి, కొడుతుండగానే స్క్రూ బిగించండి. కొట్టడం ఆపి బిగిస్తే మళ్లీ గాలి లాక్కుంటుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. ఫిల్టర్లు రెండుంటే ట్యాంకు వైపుది ముందు, తర్వాత రెండోది, ఆఖర్న ఇంజెక్షన్ పంపు మీద స్క్రూ ఉంటే అది.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి, పది సెకన్లు మించకుండా. అందుకోకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ. మూడుసార్లకు అందుకోకపోతే నాజిళ్ల దగ్గర రెండు పైపుల నట్లు అర చుట్టు వదులు చేసి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చిమ్ముతూ రాగానే బిగించండి. చెయ్యి, మొహం దూరంగా ఉంచాలి. ఆ ఒత్తిడికి సన్నటి ధార చర్మంలోకి దిగుతుంది, అది చిన్న గాయం కాదు. కామన్ రైల్ ఇంజిన్ (అన్ని నాజిళ్లకూ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందేది) అయితే నాజిల్ నట్ల జోలికి అస్సలు పోవద్దు.

ఒక ఫిల్టరు, దాని రబ్బరు రింగులు, నాలుగు కాపర్ వాషర్లు, సరైన సైజు స్పానర్లు షెడ్డులో ఒక డబ్బాలో వేసి ఉంచండి.

ప్రశ్న: మాది చిన్న నర్సింగ్ హోమ్. ఆటోమేటిక్‌గా స్టార్టయ్యే జనరేటర్. పగలు కరెంటు పోతే వెంటనే అందుకుంటుంది. రాత్రంతా ఊరుకుని తెల్లవారి పోతే మాత్రం ప్యానెల్ మూడుసార్లు సెల్ఫ్ కొట్టి ఎర్ర లైటు వేసి ఊరుకుంటుంది. బ్యాటరీ కొత్తదే. ఎక్కడా డీజిల్ కారడం లేదు.
- నర్సింగ్ హోమ్ నిర్వాహకులు, కరీంనగర్

జవాబు: ఎక్కడా కారడం లేదన్నారే, అసలు ఆనవాలు అదే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైన్ పీల్పు మీద పనిచేస్తుంది. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. సెట్టు ఆగి ఉన్నప్పుడు ఆ సందులోంచి గాలి చేరి, లైన్‌లోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. గంటా రెండు గంటలకు ఫర్వాలేదు, పది గంటలకు పైపు ఖాళీ. ప్యానెల్ కొట్టే మూడు సెల్ఫ్‌లూ ఆ గాలిని లాగడానికే సరిపోతున్నాయి.

కనుక్కునే పద్ధతి: ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య అర అడుగు పారదర్శక డీజిల్ పైపు తాత్కాలికంగా వేయించండి. ఇంజిన్ నడుస్తుండగా అందులో బుడగలు వస్తే సందు ఆ పైపుకు ట్యాంకు వైపున ఉంది. బుడగలు లేవంటే ఇంజిన్ వైపున వెతకాలి. ఇంకో ఉపాయం: సెట్టు ఆపి, చల్లారాక, డీజిల్ డబ్బాను ఇంజిన్ కన్నా ఎత్తులో పెట్టి అదే లైన్‌కు కలపండి. అప్పుడు లైన్‌లో పీల్పు పోయి ఒత్తిడి వస్తుంది, గాలి పీల్చే చోటే చెమర్చి పట్టిస్తుంది. పొడి టిష్యూ కాగితం ఒక్కో జాయింటుకూ చుట్టి అరగంట ఆగండి.

దొరికేది ఎక్కువగా బాంజో బోల్టు (డీజిల్ పైపు చివరను బిగించే, మధ్యలో రంధ్రమున్న బోల్టు) కిందున్న కాపర్ వాషర్. ఫిల్టర్ మార్చినప్పుడు పాత వాషరే తిప్పి వేస్తారు. ఒకసారి నలిగిన రాగి రెండోసారి సరిగా కూర్చోదు. వాషర్ ధర అతి తక్కువ, ఐసీయూ ఉన్నచోట దాని మీద పొదుపు చేయడం ఏం పద్ధతి? వాషర్లు బాగుంటే ఫిల్టర్ రబ్బరు రింగు, తర్వాత ఫీడ్ పంపులోని వాల్వు కింద ఇరుక్కున్న నలుసు చూడండి.

దీనికి అన్నదమ్ములాంటి జబ్బు ఇంకోటుంది. సెట్టు బాగా అందుకుని, ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ మామూలే. ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పండి. ‘స్‌స్’ మని గాలి పీలిస్తే గాలి రంధ్రం మూసుకుపోయింది, దుమ్మో కందిరీగ గూడో అడ్డం పడింది. సూదితో తీసి, సన్నటి జాలీ కట్టండి.

ప్రశ్న: గుంటూరులో కోల్డ్ స్టోరేజీ మాది. వేసవికి డీజిల్ ఎక్కువ నిల్వ చేయాలనుకుంటున్నాం. లైసెన్సు లేకుండా ఎంత పెట్టుకోవచ్చు? బండి మీద తెచ్చి పోసే డీజిల్‌ను నమ్మవచ్చా?
- కోల్డ్ స్టోరేజీ మేనేజరు

జవాబు: 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ ‘బి’ తరగతి. ఒకచోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. బజార్లో జనరేటర్ ట్యాంకులు సరిగ్గా 990 లీటర్లకే ఎందుకు దొరుకుతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అంతకు మించితే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి కావాలి. పెట్రోలుకు ఈ వెసులుబాటు లేదు, అది ‘ఎ’ తరగతి, హద్దు 30 లీటర్లే. లైసెన్సు అక్కర్లేదంటే జాగ్రత్త అక్కర్లేదని కాదు. ట్యాంకు చుట్టూ గట్టు కట్టించి, ఇసుక బకెట్లు, నురగ సిలిండరు పెట్టించండి. ఫైర్ శాఖవారి, ఇన్సూరెన్సువారి షరతులు విడిగా ఉంటాయి.

చట్టం ఒప్పుకుంది కదా అని 2,500 లీటర్లూ నింపేయకండి. ఆరు నెలల్లో ఎంత కాలుస్తారో అంతే మంచిది. తుపాను భయం ఉన్నచోట మాత్రం ఈ లెక్క మారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దెబ్బకు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, బంకుల ముందు బారులు తీరారు. కోస్తాలో సెప్టెంబరు ఆఖరుకు ట్యాంకు నిండుగా ఉండాలి, సంక్రాంతి దాటాక దాన్ని కాల్చుకుంటూ రావాలి.

బండి మీద పోసే డీజిల్ విషయంలో రెండు పనులు చేయండి. పోసే ముందు డెన్సిటీ (సాంద్రత) అడగండి. వాళ్ల దగ్గర హైడ్రోమీటరు, జాడీ ఉంటాయి. వేడిమి సవరణ చేసి 15 డిగ్రీలకు లెక్కగట్టిన అంకె, కాగితం మీది అంకెతో మూడు పాయింట్లకు (ఘనపు మీటరుకు మూడు కిలోలకు) మించి తేడా రాకూడదు. రెండో పని, ప్రతి లోడు నుంచి లీటరు సీసా పట్టి, తేదీ రాసి, సీలు వేసి చీకట్లో దాచండి. సీసా ఉందని తెలిసినచోట సరుకు దానంతటదే శుభ్రంగా వస్తుంది. కిరోసిన్ కలిసిన డీజిల్ పలచబడి, పంపుకు, నాజిళ్లకు కావాల్సిన జిడ్డును తగ్గిస్తుంది. ఈరోజు నడుస్తుంది, పంపు మాత్రం అరిగిపోతుంది.

కొత్త లోడు పోసిన వెంటనే సెట్టు ఆన్ చేయొద్దు. ధార వేగానికి అడుగు మడ్డి లేచి తిరుగుతుంటుంది. కనీసం ఓ పూట ఆగండి.

ప్రశ్న: రైసు మిల్లులో ట్యాంకు నుంచి జనరేటర్ దాకా ప్లంబరు జీఐ పైపు వేశాడు. నీళ్లకు ముప్పై ఏళ్లు వచ్చే పైపు డీజిల్‌కు పనికిరాదా?
- మిర్యాలగూడ

జవాబు: పనికిరాదు. జీఐ పైపు లోపలి జింకు పూత డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థం అవుతుంది. అది ఫిల్టర్‌ను దాటిపోయి నాజిల్ రంధ్రాల దగ్గర పేరుకుంటుంది. ఇంజిన్ నల్లపొగ కక్కితే నాజిళ్లు మారుస్తారు, ఆరు నెలలకు మళ్లీ అదే కథ. ట్యాంకుకూ జింకు పూత రేకు వద్దు. పొడవాటి రాగి, ఇత్తడి లైన్లు కూడా డీజిల్ త్వరగా బంక కట్టేలా చేస్తాయి. పూతలేని నల్ల ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు గానీ స్టెయిన్‌లెస్ గానీ వేయించండి. వెనక్కి వచ్చే రిటర్న్ లైనుకూ ఇదే నియమం. మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, తెగిన పోగు నేరుగా పంపులోకి పోతుంది. డీజిల్‌కు తట్టుకునే ద్రవ సీలెంటు వాడండి.

పైపు మార్పిస్తున్నారు కాబట్టి ట్యాంకు లోపల కూడా చూడండి. తోడే పైపు అడుగుకు రెండు అంగుళాలు పైన ఉండాలి, అడుగు డ్రెయిన్ వైపు కాస్త వాలుగా ఉండాలి. ఇంజిన్ నుంచి వేడిగా తిరిగొచ్చే డీజిల్ తోడే పైపు పక్కనే పడకూడదు, ట్యాంకు రెండో చివర పడాలి.

ప్రశ్న: కొత్త నిబంధనల సెట్టు కొన్నాం. డీజిల్ కాక ఇంకో ట్యాంకులో ఏదో ద్రవం పోయమంటున్నారు. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత పద్ధతిలో డీజిల్ నింపి బిగిస్తుంటే కంపెనీవాళ్లు వద్దంటున్నారు, ఎందుకు?
- మెయింటెనెన్స్ సూపర్‌వైజరు, హైదరాబాద్

జవాబు: 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) ఫోర్ ప్లస్ పొగ నిబంధనల సెట్టు మీది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి కొన్ని సైజుల్లో డీఈఎఫ్ అనే ద్రవం వాడతారు. అది 32.5 శాతం యూరియా, మిగతాది లోహాలు తీసేసిన శుద్ధమైన నీరు. ఎరువు యూరియా కలిపి ఇంట్లో తయారు చేసుకునేది కాదు, అందులోని మలినాలు పొగగొట్టంలోని ఖరీదైన క్యాటలిస్టును చంపేస్తాయి. డీఈఎఫ్‌కూ వయసుంది. 30 డిగ్రీల దగ్గర ఏడాది, 35 దగ్గర ఆరు నెలలే. రేకుల షెడ్డులో మే నెల గడిపిన క్యాను మీద ఆశ పెట్టుకోకండి. రాగి, అల్యూమినియం, జీఐ పాత్రల్లో పోయకండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం డీఈఎఫ్‌ను డీజిల్ ట్యాంకులో పోయడం. అలా జరిగితే తాళం చెవి కూడా తిప్పకండి. తిప్పనంతవరకూ ట్యాంకు కడిగితే సరిపోతుంది. తిప్పితే పంపు, రైలు, ఇంజెక్టర్లు అన్నీ విప్పాలి. రెండు మూతలకూ వేరు వేరు తాళాలు వేసి, తాళం చెవులు ఒకే గుత్తిలో ఉంచకండి.

ఫిల్టర్ సంగతి: ఈ ఇంజిన్లలో కామన్ రైల్ ఉంటుంది, ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఇంజెక్టర్‌లోని సందులు కొన్ని మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల వరకూ ఉంటుందని గుర్తుంచుకుంటే ఎంత సన్నమో తెలుస్తుంది. చివరి ఫిల్టర్‌లో మీరు పైనుంచి పోసే డీజిల్ మధ్య రంధ్రంలోకి, అంటే వడకట్టిన వైపుకే పోతుంది. డబ్బాలోని నలుసులన్నీ నేరుగా ఇంజెక్టర్‌కు. అందుకని ఖాళీ ఫిల్టరే బిగించి, చేతి పంపుతోనో ఎలక్ట్రిక్ ప్రైమింగ్ పంపుతోనో నింపాలి. కొత్త ఫిల్టర్ కవరు బిగించే క్షణం దాకా చించకండి.

ప్రశ్న: డీజిల్ బూజుకు బజార్లో మందులున్నాయట. ఏటా వేస్తే ట్యాంకు శుభ్రం చేయక్కర్లేదా?
- రాజమహేంద్రవరం

జవాబు: మందు బూజును చంపుతుంది, చచ్చిన బూజు ఎక్కడికీ పోదు. అది ముక్కలై లేచి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. మందు వేసిన వారంలోనే సెట్టు ఆగిపోయిందని తిట్టుకునేది అందుకే. ముందు నీరు వదలండి, ఎక్కువగా పడితే కడిగించండి, ఆ తర్వాత సీసా మీద రాసిన మోతాదులో మందు, చేతిలో రెండు ఫిల్టర్లు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. నీరు నిలవని ట్యాంకుకు మందు అవసరమే అరుదు.

ప్రశ్న: టెంట్ హౌస్ నడుపుతున్నాం. రెండు పెట్రోలు జనరేటర్లున్నాయి. ముహూర్తాలు లేని నెలల్లో మూలన పెడతాం. మళ్లీ తీసినప్పుడు తాడు లాగి లాగి భుజం పోతోంది.
- ఖమ్మం

జవాబు: ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాల్లోని తేమను పీలుస్తుంది. ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. కార్బురేటర్ పీల్చేది ఆ అడుగుదే. పైగా కార్బురేటర్ గిన్నెలో మిగిలిన చెంచాడు పెట్రోలు ఆవిరై జెట్టు రంధ్రంలో జిగురు మిగుల్చుతుంది. ఆ రంధ్రం గుండుసూది మొనంత.

మూలన పెట్టే రోజు పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజిన్‌ను దానంతటది ఆగేదాకా నడపండి. చల్లారాక గిన్నె కింది స్క్రూ తిప్పి మిగిలింది వదలండి. నెల దాటి పెడితే ట్యాంకు కూడా ఖాళీ చేసి, ఆ పెట్రోలు బండిలో పోసుకోండి. ఇప్పటికే జెట్టు మూసుకుపోయి ఉంటే కార్బురేటర్ క్లీనర్‌తో, గాలితో ఊదించండి. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు తాగడం మొదలెడుతుంది. నడుస్తున్న, వేడిగా ఉన్న సెట్టులో పెట్రోలు పోయకండి. షామియానా లోపల, వంటల గదిలో నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేకున్నా ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: లంబసింగిలో అతిథి గృహం ఉంది. డిసెంబరు తెల్లవారుజామున జనరేటర్ అందుకోదు, తొమ్మిదింటికి ఎండ పడగానే మామూలుగా అందుకుంటుంది. ఎయిర్ లేదు, నీరు లేదు.

జవాబు: డీజిల్‌లో సహజంగా మైనం ఉంటుంది. చలికి అది పూసలు కట్టి ఫిల్టర్ కాగితాన్ని కప్పేస్తుంది, వేడి తగలగానే కరుగుతుంది. మన దేశ ప్రమాణాల్లో ఫిల్టర్ దాటే కనిష్ఠ వేడిమి హద్దు చలికాలం డీజిల్‌కు 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18. మీ ట్యాంకులో ఉన్నది మే నెలలో కొండ కింద పోయించింది అయ్యుంటుంది. నవంబరు నాటికి దాన్ని కాల్చేసి కొత్తది నింపండి. ఫిల్టర్ కొత్తది వేసి, సెట్టును గాలి తగలని గదిలోకి మార్చండి. అందుకోని రోజు వేడినీళ్లలో ముంచి పిండిన గోనెపట్టా ఫిల్టర్‌కూ పైపులకూ చుట్టి పావుగంట ఆగితే అందుకుంటుంది. మంట మాత్రం దగ్గరికి తేవద్దు.